జవాబు దాచుకోండి

పిల్లలతో ఇంట్లో చేయదగిన ప్రయోగాల్లో గుడ్డు, వెనిగర్ ప్రయోగమంత చవకైనదీ, అంత నమ్మకంగా ఫలితం చూపించేదీ నాకు ఇంకొకటి తెలియదు. రెండు గుడ్లు, ఒక వెనిగర్ సీసా, రెండు గాజు పాత్రలు ఉంటే చాలు. పెంకు కరిగించడానికి స్టవ్ వెలిగించే పని లేదు, కత్తీ కత్తెరా అక్కర్లేదు. ఎనిమిదేళ్ళ పిల్ల కూడా మొదటి నుంచి చివరి దాకా తన చేతులతోనే చేసుకోగలదు. ఇందులో కష్టమైన పని ఒక్కటే ఉంది, అది పెద్దవాళ్ళ వంతు. ఏం జరగబోతోందో మనకు తెలుసు. తెలిసి కూడా రెండు రోజుల పాటు నోరు మెదపకుండా ఉండాలి.

ప్రయోగం ఎలా చేయాలో, లోపల ఏం జరుగుతుందో ఈ అధ్యాయంలో వివరంగా రాస్తున్నాను. ఇదంతా పెద్దల కోసం. దయచేసి పిల్లలకు చదివి వినిపించకండి. వాళ్ళు అడిగినప్పుడు మనం తడబడకూడదు, అడగకముందే చెప్పేయకూడదు. దానికి సరిపడా సరంజామా ఇది.

పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాలు, లవణాలు అని ఒక పాఠం ఉంటుంది. కాల్షియం కార్బొనేట్ ఆమ్లంతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ వస్తుందని ఆ పాఠం చదివిన పిల్లలు గడగడా చెబుతారు. సమీకరణం రాసి తుల్యం కూడా చేస్తారు. అదే పిల్లలకు వెనిగర్‌లో వేసిన గుడ్డు చూపించి, ఆ బుడగలేమిటని అడగండి. చాలామంది ‘గాలి’ అంటారు. పరీక్షలో రాసిన వాయువూ, కళ్ళెదుట పైకి లేస్తున్న బుడగా ఒకటేనని వాళ్ళకు తట్టదు. ఇందులో వాళ్ళ తెలివికి వచ్చిన లోటేమీ లేదు. చూడకముందే జవాబు చేతికిచ్చేశాం కనక, చూడవలసిన అవసరం వాళ్ళకు ఎప్పుడూ రాలేదు, అంతే.

ఇక పనిలోకి దిగుదాం.

కిరాణా కొట్లో తెల్ల వెనిగర్ అడిగితే ఇస్తారు. సీసా మీద సింథటిక్ వెనిగర్ అని ఉంటుంది. నూడుల్స్‌లోకి, మంచూరియాలోకి వాడేది అదే. అందులో ఎసిటిక్ ఆమ్లం సుమారు 4 శాతం, మిగతాదంతా నీళ్ళు. యాపిల్ సిడార్ వెనిగర్‌తో కూడా ప్రయోగం జరుగుతుంది కానీ దాని ఖరీదు ఎక్కువ, పైగా రంగు వల్ల లోపల జరిగేది సరిగా కనపడదు. ఒక్కో గుడ్డుకు అర లీటరు తెల్ల వెనిగర్ తెచ్చుకోండి. అంత ఎందుకంటే, చిన్న లెక్క ఉంది. 60 గ్రాముల గుడ్డులో పెంకు బరువు 5, 6 గ్రాములు. అందులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేట్. 5 గ్రాముల కాల్షియం కార్బొనేట్ పూర్తిగా కరగాలంటే 6 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం కావాలి. 4 శాతం వెనిగర్‌లో 6 గ్రాముల ఆమ్లం ఉండాలంటే 150 మిల్లీలీటర్లు పోయాలి. అది కూడా చివరి చుక్క దాకా పనిచేస్తేనే. నిజానికి ఆమ్లం తగ్గేకొద్దీ పని మందగిస్తుంది. గుడ్డు మునిగేదాకా పోసి వదిలేస్తే చాలని చాలామంది చెబుతారు. అలా చేసిన ఇళ్ళలోనే సగం పెంకు కరిగి ఆగిపోయి, పిల్లలు నీరసపడిపోతారు. ఒక గుడ్డుకు 200 మిల్లీలీటర్లు పోయండి, మర్నాడు అది పారబోసి మళ్ళీ 200 పోయండి. ఇక తిరుగుండదు.

గుడ్డు పచ్చిదే కావాలి. బీట పడినది పనికిరాదు. వీలైతే ఫారం గుడ్డు ఒకటి, నాటుకోడి గుడ్డు ఒకటి వేరువేరు పాత్రల్లో వేయండి. గోధుమరంగు పెంకు ఉన్న గుడ్డులో రంగు పైపొరల్లోనే ఎక్కువగా ఉంటుంది కనక, కాసేపటికే అది పెంకును వదిలి నురగతో పాటు మడ్డిలా పైకి తేలుతుంది. కింద తెల్లటి పెంకు బయటపడుతుంది. నాటుకోడి గుడ్డుకు ఆ రంగు లోపలిదాకా ఉంటుందనుకున్న పిల్లలు అక్కడే ఆగి చూస్తారు.

పాత్ర గాజుదై ఉండాలి, మూతి వెడల్పుగా ఉండాలి. పచ్చడి పెట్టుకునే గాజు సీసా బాగా పనికొస్తుంది. మూతి ఇరుకైతే వేసేటప్పుడు పట్టిన గుడ్డు తీసేటప్పుడు పట్టదు. ఎందుకో కింద చెబుతాను. మూత బిగించవద్దు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఒక్క గుడ్డు పెంకు కరిగితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ మామూలు గది వేడిలో లీటరు దాటుతుంది. బిగించిన గాజు సీసాలో అంత వాయువు చేరితే సీసా పగిలే ప్రమాదం ఉంది. వాసన పడకపోతే పైన ఒక చిన్న పళ్ళెం బోర్లించండి, సరిపోతుంది.

సీసా కింద కూడా పళ్ళెం పెట్టండి. మీ వంటింటి గట్టు కడప బండదైనా, గచ్చు తాండూరు బండదైనా ఇది మరీ ముఖ్యం. ఆ రెండూ సున్నపురాళ్ళే. అంటే వాటిలోనూ ఉన్నది ఎక్కువగా కాల్షియం కార్బొనేటే. నిమ్మకాయ పిండినచోట కడప బండ మెరుపు పోయి తెల్లటి మచ్చ పడడం వంట చేసేవాళ్ళందరూ చూసే ఉంటారు. గుడ్డు పెంకుకు జరిగేదే ఆ బండకూ జరిగింది. పిల్లలు ఈ సంబంధాన్ని తమంతట తాము పట్టుకునేదాకా ఆ మచ్చ సంగతి ఎత్తకండి.

రెండో పాత్రలో ఇంకో గుడ్డు వేసి, మామూలు మంచినీళ్ళు పోయండి. ఇది చాలామంది వదిలేసే పని. నీళ్ళలో వేసిన గుడ్డుకు ఏమీ కాదు కదా, అది దండగ కదా అనుకుంటారు. ఆ గుడ్డుకు ఏమీ కాకపోవడమే మనకు కావలసింది. అది పక్కన లేకపోతే, మార్పు వెనిగర్ వల్ల వచ్చిందో, ఊరికే రెండు రోజులు తడిసినందువల్ల వచ్చిందో ఎలా తేల్చుకుంటారు? ఒక మందు వేసుకోగానే జలుబు తగ్గింది అన్నప్పుడు, మందు వేసుకోకపోయినా తగ్గేదా అని అడగగలిగే మనిషి తయారయ్యేది ఈ రెండో గ్లాసు దగ్గరే. ఈ పుస్తకంలోని ప్రయోగాలన్నిటిలోనూ ఈ రెండో గ్లాసు ఉంటుంది. దాన్ని మానేయకండి.

వెనిగర్ పోయకముందే నోటుబుక్కు తెరవండి. గుడ్డు నడుము చుట్టుకొలత, తూకం యంత్రం ఉంటే బరువు కూడా రాసి పెట్టుకోండి, చివర్లో పోల్చి చూడాలి. ఒక పేజీలో ఇంట్లో ఉన్న అందరి పేర్లూ రాసి, ఒక్కొక్కరి ఊహ పక్కన రాయండి. నాయనమ్మ, తాతయ్య, బాబాయి, పనిలో సాయానికి వచ్చే అమ్మ, ఎవరున్నా సరే. ‘రెండు రోజుల తర్వాత ఈ గుడ్డు ఎలా ఉంటుంది? ఎందుకలా అనుకుంటున్నారు?’ ఈ రెండు ప్రశ్నలే అడగండి. కారణం తప్పకుండా రాయించండి, ఎందుకంటే తర్వాత మనం సరిచూసుకునేది ఊహకన్నా కారణాన్నే. ఎవరి ఊహ విన్నా నవ్వకండి, మెచ్చుకోకండి, కనుబొమలు కూడా ఎగరేయకండి. పిల్లలు మన మొహం చదవడంలో ఆరితేరినవాళ్ళు. మన కళ్ళలో మెచ్చుకోలు కనిపిస్తే వెంటనే ఊహ మార్చేసుకుంటారు.

గుడ్డు వేసిన నిమిషంలోనే పెంకంతా సన్నటి బుడగలు పట్టుకుంటాయి. మొదట మునిగిన గుడ్డు కాసేపటికి పైకి తేలవచ్చు. బుడగలు పెంకును అంటిపెట్టుకుని పైకి లాగుతాయి. పైకి వచ్చిన వైపు బుడగలు గాలిలో కలిసిపోగానే ఆ వైపు బరువెక్కి గుడ్డు నెమ్మదిగా పక్కకు దొర్లుతుంది. దానంతట అదే తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. పిల్లలు ఇక్కడ చాలాసేపు కూర్చుంటారు, కూర్చోనివ్వండి. తేలిన గుడ్డు పైభాగం వెనిగర్‌కు అందక కరగకుండా మిగిలిపోతుంది కనక, ఒక చెంచా అడ్డంగా ఆనించి గుడ్డును లోపలికి నొక్కి ఉంచడం ఎలాగో కూడా వాళ్ళనే ఆలోచించమనండి.

తెనాలిలో మా బంధువుల ఇంట్లో ఈ దశలో జరిగిన మాటలు నాకు బాగా గుర్తు. మూడో తరగతి చదివే పాప, వాళ్ళ అమ్మమ్మ గ్లాసు ముందు కూర్చున్నారు. గుడ్డు ఉడుకుతుందని పాప ఊహ రాసింది.

“ఎందుకనుకున్నావమ్మా అలాగ?” అంది అమ్మమ్మ.

“బుడగలొస్తున్నాయి కదా అమ్మమ్మా. నువ్వు ఎసరు పెట్టినప్పుడు కూడా ఇలాగే వస్తాయిగా.”

“అవునే. మరి ఆ గ్లాసు ఓసారి ముట్టుకుని చూడు.”

పాప ముందు వేలితో తాకింది. తర్వాత రెండు చేతులతో గ్లాసును పట్టుకుంది. “చల్లగానే ఉంది!” అంది. కాసేపు మాట్లాడలేదు. పెన్సిల్ తీసుకుని తన ఊహ కింద ఇంకో వరస రాసింది: వేడి లేదు, బుడగలు ఉన్నాయి, ఎందుకు?

ఆ అమ్మమ్మ రసాయన శాస్త్రం చదువుకున్న మనిషి కాదు. కానీ ఆవిడ చేసిన పని ఏ టీచరుకైనా తీసిపోనిది. ‘తప్పు’ అనలేదు, జవాబు చెప్పలేదు. పాప ఊహను నిజమనుకుంటే ఏం కనపడాలో అది చూడమంది. వేడి ఉండాలి, లేదు. తన ఊహను తనే పక్కన పెట్టి, పాప అంతకన్నా మంచి ప్రశ్న దగ్గరికి వచ్చింది. ‘ముట్టుకుని చూడు’, ‘వాసన చూడు’, ‘రెండో గ్లాసులో ఎలా ఉందో చూడు’, ‘నిన్న ఏం రాశావో చూడు’. ఈ రెండు రోజుల్లో పెద్దవాళ్ళు వాడదగిన మాటలు ఇవే.

మర్నాడు పొద్దున వెనిగర్ మార్చాలి. గుడ్డును అరచేతిలోకి తీసుకుని, కుళాయి సన్నటి ధార కింద పెట్టి, బొటనవేలితో మెల్లగా రుద్దమనండి. మెత్తటి సుద్దలాంటి పొడి జారిపోతుంది. గోరు తగలకూడదు. కొత్త వెనిగర్ పోసి మళ్ళీ వదిలేయండి. ఇంకో రోజు గడిచేసరికి పెంకు పూర్తిగా పోయి, పల్చటి తెల్లటి సంచిలో గుడ్డు నిలబడి ఉంటుంది. నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకి వస్తుంది. చీకటి గదిలో కింద నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి పట్టుకుంటే గుడ్డంతా నారింజ రంగులో వెలుగుతుంది, గుడ్డును వంచినప్పుడల్లా లోపల పచ్చసొన నీడ కదులుతుంది. కోళ్ళ హేచరీల్లో గుడ్డు వెనక దీపం పెట్టి లోపలి పిండాన్ని చూస్తారు. పెంకు ఉన్న గుడ్డు అక్కడ మసగ్గా కనిపిస్తే, పెంకు లేని గుడ్డు ఇక్కడ తేటగా కనిపిస్తుంది.

తర్వాత పిల్లలు చేయాలనుకునేది దాన్ని ఎగరేయడం. వద్దనకండి. స్టీలు పళ్ళెంలో అంగుళం ఎత్తు నుంచి వదలమనండి. చిన్నగా గెంతుతుంది. ఒక్కో అంగుళం పెంచుకుంటూ, ప్రతిసారీ ముందే ‘పగులుతుందా, పగలదా’ రాసుకుంటూ పోవాలి. ఎక్కడో ఒకచోట పగులుతుంది. కాబట్టి ఈ పని ఆఖరున, సింకులోనో పెరట్లోనో చేయాలి. దాని ముందు చేయవలసిన అసలైన భాగం ఇంకొకటి ఉంది, అక్కడికి వస్తాను.

పెంకు ఏమైంది? వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం కాల్షియం కార్బొనేట్‌తో కలిసి మూడు పదార్థాలుగా మారింది: కాల్షియం ఎసిటేట్, నీళ్ళు, కార్బన్ డయాక్సైడ్. కార్బన్ డయాక్సైడ్ బుడగలై పోయింది. కాల్షియం ఎసిటేట్ నీళ్ళలో బాగా కరుగుతుంది కనక కంటికి కనపడకుండా గ్లాసులోనే ఉండిపోయింది. పెంకు మాయం కాలేదు, ఉన్నచోటు మారింది. ‘వెనిగర్ బదులు నిమ్మరసం పోస్తే?’ అని చురుకైన పిల్లలు అడుగుతారు. నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం ఉంది, బుడగలూ వస్తాయి. అయితే కాల్షియం సిట్రేట్ నీళ్ళలో అంత సులభంగా కరగదు. తెల్లటి పొరలా పేరుకుని లోపలి పెంకుకు ఆమ్లం అందకుండా అడ్డుపడుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లంతోనూ అదే చిక్కు. ఈ పనికి అన్నిట్లోకీ వెనిగర్ నెగ్గేది పులుపు ఎక్కువని కాదు, అది తయారుచేసే లవణం కరిగిపోయి దారి ఇస్తుంది కనక. ఇంట్లో నిమ్మకాయలుంటే మూడో గ్లాసు పెట్టి చూడండి.

ఆ పెంకు తయారవడానికి కోడి పొట్టలో దాదాపు 20 గంటలు పడుతుంది. ఒక్కో పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. మేతలో అంత దొరకకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి గుడ్డుకు ఇస్తుంది. గుడ్ల కోసం పెంచే కోళ్ళ దాణాలో సున్నపురాయి నలుసులు, ఆలిచిప్పల గుల్ల కలిపేది అందుకే. అది చాలనప్పుడు పెంకు లేకుండా ఒట్టి పొరతోనే కోడి గుడ్డు పెట్టడం కోళ్ళు పెంచే ఇళ్ళలో అప్పుడప్పుడూ చూసేదే. మీ ఇంట్లో పల్లెలో పెరిగిన పెద్దవాళ్ళుంటే, రెండో రోజు గుడ్డు చూడగానే ఆ సంగతి వాళ్ళే ఎత్తుతారు. మనం రెండు రోజుల్లో విప్పిన పెంకును ఆ కోడి అసలు వేయనేలేదన్నమాట.

వెనిగర్‌లో నానిన గుడ్డు మెత్తబడుతుందని మనుషులకు తెలిసి రెండు వేల ఏళ్ళు అవుతోంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు చనిపోయిన రోమన్ రచయిత ప్లినీ, ఇలా నానబెట్టిన గుడ్లు ఉంగరంలోంచి కూడా దూరేంత మెత్తగా అవుతాయని రాశాడు. ఈజిప్టు రాణి క్లియోపాత్రా తన ముత్యాన్ని వెనిగర్‌లో కరిగించి తాగేసిందనే కథను మనదాకా తెచ్చినవాళ్ళలోనూ ఆయన ఒకడు. ముత్యం కూడా చాలావరకు కాల్షియం కార్బొనేటే. కథ ఎంతవరకు నిజమో గాని రసాయనం నిజం, కాకపోతే పొడి చేయని ముత్యం అంత తొందరగా కరగదు. హైదరాబాదులో ముత్యాలు కొనుక్కున్నవాళ్ళు వాటిని వెనిగర్‌తోగాని నిమ్మరసంతోగాని శుభ్రం చేయకూడదనడానికి కారణం మన గ్లాసులోనే ఉంది. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు, అరకు దారిలోని బొర్రా గుహలు ఏర్పడింది కూడా ఇలాంటి చర్యతోనే. అక్కడ ఆమ్లం గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకున్న వాన నీరు. చాలా బలహీనమైన ఆమ్లమే, కానీ దానికి లక్షల ఏళ్ళ వ్యవధి దొరికింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ‘చూశావా, కూల్‌డ్రింకులు తాగితే నీ పళ్ళు కూడా ఇలాగే అయిపోతాయి’ అని ఈ గుడ్డును చూపించి పిల్లల్ని బెదిరించే అలవాటు ఉంది. పులుపు, తీపి కలిసిన పానీయాలు పళ్ళ పింగాణీని అరగదీస్తాయన్నది నిజమే. కానీ పన్ను పింగాణీ కాల్షియం ఫాస్ఫేట్ జాతి ఖనిజం, గుడ్డు పెంకు కాల్షియం కార్బొనేట్. పన్ను మీద బుడగలు లేవవు, రెండు రోజుల్లో పన్ను కరిగిపోదు. మంచి బుద్ధి చెప్పడానికైనా సరే, ప్రయోగం చూపించని విషయాన్ని ప్రయోగం పేరుతో చెప్పకూడదు. ఒక రోజు పిల్లలకు ఆ తేడా తెలుస్తుంది. ఆ రోజున మనం చెప్పిన మిగతా మాటల మీద కూడా వాళ్ళకు నమ్మకం సడలుతుంది.

ఇప్పుడు అసలైన భాగం. వెనిగర్ నుంచి తీసిన గుడ్డును, నీళ్ళ గ్లాసులో పెంకుతో ఉన్న గుడ్డు పక్కన పెట్టి చూడండి. పెంకు పోయిన గుడ్డు చిక్కిపోవాలి కదా, లావెక్కి ఉంటుంది. దారంతో నడుము చుట్టుకొలత తీసి స్కేలు మీద పెట్టి రాయండి. వంటింటి తూకం యంత్రం ఉంటే బరువు కూడా చూడండి. ఆరు గ్రాముల పెంకు పోయాక బరువు తగ్గకుండా పెరిగిందంటే లోపలికి ఏదో వెళ్ళింది. ఏమిటది?

మెత్తని గుడ్లు రెండు తయారుచేసుకుని ఉంటే ఇక్కడ బాగా పనికొస్తాయి. ఒకదాన్ని మంచినీళ్ళలో వేయండి, ఇంకోదాన్ని చల్లారిన పంచదార పాకంలో వేయండి. పాకం గులాబ్‌జాముల పాకంలా చిక్కగా ఉండాలి, చేయి పెడితే వేడి తగలకూడదు. ఊహలు రాసుకుని ఒక రోజు ఆగండి. నీళ్ళలోది బిగుసుకుని, తాకితే చిట్లుతుందేమోనన్నంత ఉబ్బుతుంది. పాకంలోది ముడుచుకుపోయి, పొర వదులై, లోపల పచ్చసొన గడ్డలా చేతికి తగులుతుంది. పాకంలో పైన పల్చటి నీళ్ళ పొర కూడా కనిపించవచ్చు, అది గుడ్డులోంచి వచ్చిన నీరే.

గుడ్డు పొర నీటిని రానిస్తుంది, పోనిస్తుంది. మాంసకృత్తుల వంటి పెద్ద అణువులను కదలనివ్వదు. పొరకు రెండు వైపులా ఉన్న ద్రవాల్లో ఏది చిక్కగా ఉంటే నీళ్ళు అటు ఎక్కువగా ప్రవహిస్తాయి. తెల్లసొనలో 10 శాతం దాకా మాంసకృత్తులున్నాయి కనక మంచినీళ్ళు లోపలికి వెళ్ళాయి. పాకం తెల్లసొనకన్నా ఎంతో చిక్కన కనక నీళ్ళు బయటికి వచ్చాయి. దీన్నే ద్రవాభిసరణం అంటారు. ఫ్రాన్సులో నోలే అనే ఆయన 1748లో దీన్ని మొదటిసారి గమనించి రాశాడు. సారా నింపిన పాత్ర మూతికి పంది మూత్రాశయపు పొర కట్టి నీళ్ళలో ముంచితే, నీళ్ళు లోపలికి చేరి పొర ఉబ్బింది. ఆయన చూసింది, మీ వంటింట్లో మీరు చూస్తున్నది ఒకటే విషయం.

మాగాయకు ముక్కలు తరిగి ఉప్పు కలిపితే మర్నాటికి ఊట దిగేది ఇందుకే. ఉప్పు చేప కుళ్ళకుండా నిలవ ఉండడానికీ ఇదే కారణం: చేపలోని నీళ్ళతో పాటు, దాని మీద చేరే సూక్ష్మజీవుల్లోని నీళ్ళను కూడా ఉప్పు లాగేస్తుంది. కిస్మిస్ నీళ్ళలో నానితే ఉబ్బేదీ ఇందుకే. ఇవన్నీ పిల్లలు రోజూ చూసేవి. నోటుబుక్కులో ఒక పేజీ ఖాళీగా వదిలి, ‘ఇలాంటివి ఇంకెక్కడ చూశాం?’ అని పైన రాసి ఊరుకోండి. వారం రోజుల్లో పేజీ నిండుతుంది.

ఒక్క విషయం మాత్రం మీరే కూర్చోబెట్టి చెప్పండి, ఎందుకంటే అది ప్రాణాలకు సంబంధించింది. ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్‌లో 0.9 శాతం ఉప్పు ఉంటుంది. ఒట్టి నీళ్ళు నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు నీళ్ళ గ్లాసులోని గుడ్డులా ఉబ్బి చిట్లిపోతాయి. మరీ చిక్కటి ఉప్పునీళ్ళు ఎక్కిస్తే పాకంలోని గుడ్డులా ముడుచుకుపోతాయి. విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఇచ్చే ఓఆర్ఎస్ పొడికీ ఇదే సూత్రం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు సరైన పాళ్ళలో కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని కాపాడాడు. అందులో ప్రాణం అంతా ఆ పాళ్ళలోనే ఉంది. లీటరు నీళ్ళలో కలపవలసిన ప్యాకెట్‌ను, బిడ్డ అంత తాగదు కదా అని ఒక్క గ్లాసులో కలిపేసే తల్లులున్నారు. అలా చిక్కగా కలిపితే అది పేగుల్లోకి శరీరంలోని నీళ్ళనే లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని రాసి ఉంటే అన్ని నీళ్ళలోనే కలపాలి, కొంచెం కొంచెంగా తాగించాలి. ఈ మాటను ఊరికే చెబితే చెవిన పడి పోతుంది. ముడుచుకుపోయిన గుడ్డును చేతిలో పెట్టి చెబితే జీవితాంతం గుర్తుంటుంది.

గుడ్డును తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. పచ్చి గుడ్డు మీద, లోపల కూడా సాల్మొనెల్లా ఉండవచ్చు. వెనిగర్‌లో ఉన్నంత మాత్రాన అది ఉడికినట్టు కాదు. ప్రయోగం చేసిన గుడ్లను తినకూడదు, కుక్కకో పిల్లికో పెట్టకూడదు. వాడిన వెనిగర్‌ను నీళ్ళు కలిపి సింకులో పోయవచ్చు. కంట్లో పడితే వెంటనే మంచినీళ్ళతో బాగా కడగాలి. చిన్నపిల్లలు గ్లాసులోది తాగకుండా ఎత్తున పెట్టండి.

‘ఇందులోంచి కోడిపిల్ల వస్తుందా?’ అని కొందరు పిల్లలు దిగులుగా అడుగుతారు. కొట్లో కొనే ఫారం గుడ్లలో పిండం ఉండదు, పుంజు లేకుండా పెట్టిన గుడ్లవి. ఆ దిగులు మాత్రం తేలిగ్గా తీసేయకుండా వెంటనే, సూటిగా చెప్పండి. జవాబు దాచుకోవడం ఆలోచన పెంచడానికి, బిడ్డను బాధపెట్టడానికి కాదు.

ఊహలు రాసిన పేజీ దగ్గరికి చివర్లో అందరూ మళ్ళీ రావాలి. మీ ఊహను కూడా అందరితో పాటు గట్టిగా చదవండి. ఎవరు గెలిచారు అన్న మాట రానివ్వకండి. ‘నీ కారణంలో ఏది నిలబడింది, ఏది నిలబడలేదు?’ అని అడగండి. గుడ్డు ఉడుకుతుందన్న పాప ఊహలో కూడా ఒక గట్టి పరిశీలన ఉంది: బుడగలు వస్తున్నాయంటే లోపల ఏదో మారుతోంది. అది నిలబడింది. వేడి నిలబడలేదు.

ఇక తర్వాతి ప్రయోగం. ఈసారి ఆదివారం కోడికూర వండినప్పుడు తొడ ఎముకలు రెండు తీసి, మాంసం ఏమాత్రం మిగలకుండా శుభ్రంగా గీకి, కడిగి ఆరబెట్టండి. వంచి చూసి ఎంత గట్టిగా ఉన్నాయో రాయండి. ఒకదాన్ని వెనిగర్‌లో వేసి, రెండు రోజులకోసారి వెనిగర్ మారుస్తూ వారం పాటు ఉంచండి. ఎముకలో గట్టిదనం ఇచ్చేదొకటి, సాగుడు ఇచ్చేదొకటి, రెండు పదార్థాలున్నాయి. వాటిలో ఒకదాన్ని మాత్రమే వెనిగర్ కరిగిస్తుంది. ఏమవుతుందో ఈ పేజీలో రాయను. మీరు కూడా మీ ఊహ ముందే రాసుకోండి, పక్కన మామూలు నీళ్ళలో రెండో ఎముక వేయడం మరిచిపోకండి.